ఆయన పోయాక రాస్తున్న రివ్యూ: మా ప్లీడరు గారి ఆఫీసు

ఈ రివ్యూలో లాయరు గారి పేరు ఉండదు, ఆఫీసు అడ్రసు ఉండదు. ఆయన ఉన్నప్పుడు ఎవరైనా "మీ గురించి నాలుగు మంచి మాటలు రాస్తాం సార్" అంటే ఒప్పుకునేవారు కాదు. లాయర్లు తమ గురించి ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో 36వ రూల్ ఉంది. క్లయింటు చేత రాయించుకున్నా అది దొడ్డిదారి ప్రచారమేనని ఆయన లెక్క. గత నెల ఆయన గుండెపోటుతో పోయారు. ఆయన జూనియర్ మేడమ్ అదే ఆఫీసు నడుపుతున్నారు కాబట్టి పేరు మాత్రం నేనూ రాయను. దానివల్ల చదివేవాళ్లకు నష్టమేమీ లేదు. లాయరు ఆఫీసుకు వెళ్తే మనకు ఏం దొరకాలి, ఏది దొరక్కపోతే ఫైలు తీసుకుని వచ్చేయాలి అన్నది ఆయన్ని చూసే నాకు తెలిసింది. అదే రాస్తున్నాను.

నాది కోర్టు ఎదురు సందులో డీటీపీ, జిరాక్స్ సెంటర్. ప్లెయింట్లు, కౌంటర్లు, అఫిడవిట్లు, లీగల్ నోటీసులు టైపు చేస్తాను. పొద్దున కోర్టు మొదలయ్యే ముందు గంటసేపు నా షాపులో నిలబడే చోటుండదు. లాయరు ఎలాంటివారో తెలియాలంటే కోర్టు హాల్లో కంటే టైపిస్టు కుర్చీలో కూర్చుంటేనే బాగా తెలుస్తుందని నా నమ్మకం. ఎవరు పాత ఫైలు తెరిపించి పేర్లు మార్చేయమంటారో, ఎవరు కేసు చదువుకుని వస్తారో, ఎవరు పార్టీ చేత ఖాళీ కాగితం మీద సంతకం పెట్టించుకుంటారో అన్నీ నా కళ్ల ముందే జరుగుతాయి. మా ప్లీడరు గారు నా వెనకాల నిలబడి నోటితో చెబుతుంటే టైపు చేసేవాణ్ణి. కామాలు, ఫుల్‌స్టాపులతో సహా చెప్పేవారు. ప్రింటు తీసే ముందు స్క్రీన్ మీద ప్రతి లైను కిందా వేలు పెట్టి చదివేవారు. సాయంత్రానికి మానిటర్ నిండా వేలిముద్రలే, నేను తుడుచుకునేవాణ్ణి.

మెయిన్ కాగితం అయిపోయాక, "తమ్ముడూ, ఇప్పుడు తెలుగు కాగితం" అనేవారు.

ఆయన సేవలో నేను అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఈ తెలుగు కాగితం గురించే. మా కోర్టుల్లో పిటిషన్లు ఎక్కువగా ఇంగ్లీషులోనే వేస్తారు. వేసిన మనిషికి అందులో ఏముందో తెలియదు. ఆయన ప్రతి కేసుకీ ఒకే ఒక్క పేజీ తెలుగులో, పెద్ద అక్షరాల్లో కొట్టించేవారు. మనం ఏం అడుగుతున్నాం, ఎందుకు అడుగుతున్నాం, అవతలివాళ్లు ఏమనొచ్చు, మన దగ్గరున్న కాగితాలు ఏవి, లేనివి ఏవి. అన్నిటికంటే కింద కేసు సీఎన్ఆర్ నంబరు, ఆ 16 అక్షరాలూ విడివిడిగా. అది ఉంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో ఎవరి కేసు వాయిదా వాళ్లే చూసుకోవచ్చు. చాలాచోట్ల వాయిదా ఎప్పుడో తెలుసుకోవడానికే పార్టీలు గుమస్తా చుట్టూ తిరుగుతుంటారు. ఈయన మాత్రం పార్టీతో వచ్చిన కుర్రాడినో, కూతురినో కూర్చోబెట్టి, ఫోన్‌లో యాప్ పెట్టించి, వాళ్ల చేతే వెతికించేవారు. ఆ పేజీకి నేను డబ్బులు తీసుకోనంటే ఊరుకునేవారు కాదు. నెలాఖరున లెక్కలో అది కూడా కలిపే ఇచ్చేవారు, క్లయింటు ఖాతాలో మాత్రం రాసేవారు కాదు.

అఫిడవిట్ చివర, ఇందులోని విషయాలు చదివి తెలుగులో వివరించాం, అర్థమయ్యాకే సంతకం పెట్టారు అని ఒక లైను ఉంటుంది. ఆ లైను నా కంప్యూటర్‌లో రెడీగా ఉంటుంది, అందరికీ అదే అతికిస్తాను. ఈయన మాత్రం నిజంగానే చదివి చెప్పేవారు. చదివి ఆగిపోకుండా, "ఇప్పుడు మీరు నాకు చెప్పండి" అని తిరిగి చెప్పించుకునేవారు.

ఒకసారి ప్రోనోటు దావా. బియ్యం మిల్లులో బస్తాలు మోసే ఆయన మీద వేశారు. రిటన్ స్టేట్‌మెంట్‌కు, అంటే దావాకు మనం వేసే జవాబుకు, కావాల్సిన వివరాలన్నీ ఆయన మేనల్లుడు వచ్చి చెప్పాడు. కాగితం టైపయింది. నా షాపు బెంచీ మీదే ఆయన్ని కూర్చోబెట్టి ప్లీడరు గారు చదివి వినిపించారు. అంతా విని ఆయన నెమ్మదిగా, "అంటే అంత డబ్బూ నేను తీసుకున్నానని ఒప్పుకుంటున్నట్టా బాబూ?" అన్నాడు.

"అవును. తీసుకున్నారు కదా?"

"తీసుకున్నాను గానీ అంత కాదు. కాగితం మీద అంకె లేనప్పుడు సంతకం పెట్టాను."

మేనల్లుడికి ఈ సంగతి తెలియదు. నోటు మీద ఉన్న అంకెనే అసలు అనుకున్నాడు. ప్లీడరు గారు ఆ ప్రింటును అడ్డంగా చింపి, కుర్చీ లాక్కుని ఆ మనిషి పక్కనే కూర్చున్నారు. మొదటి రూపాయి ఎప్పుడు తీసుకున్నారు, ఎవరి ముందు తీసుకున్నారు, వడ్డీ ఎంత కట్టారు, దానికి చీటీ ఏమైనా ఇచ్చారా అని మొదటి నుంచీ అడిగారు. కోర్టులో ఒకసారి ఒప్పుకున్నాక వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో కేసులు చూసినవాళ్లకు తెలుసు. ఆ రోజు వేరే వాయిదాకు టైము అయిపోతోందని గుమస్తా రెండు సార్లు వచ్చి పిలిచాడు. జూనియర్ని పంపారు గానీ ఆ కుర్చీలోంచి లేవలేదు. ఆ కేసు చివరికి రాజీ అయింది. ఆయన నిజంగా తీసుకున్న అప్పుకు దగ్గరగానే తేలింది.

మిల్లు కూలీనైనా "మీరు" అనే పిలిచేవారు ఆయన. మా సందులో అది చాలా అరుదు, అందుకే రాస్తున్నాను.

రెండోది, పని లేనిచోట పని సృష్టించేవారు కాదు. మా షాపు దగ్గర్లో ఉండే ఒక పెద్దావిడ కొడుకులు చూడటం లేదని కేసు వేద్దామని వచ్చింది. ఫీజు ఎంతవుతుందోనని ముందే భయపడుతోంది. ఈయన అంతా విని, "అమ్మా, దీనికి నేను అక్కర్లేదు. ఆర్డీవో గారి ఆఫీసుకు వెళ్లండి" అన్నారు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమం కోసం 2007లో వచ్చిన చట్టం ఒకటి ఉంది. ఆ చట్టం కింద కేసులు వినే ట్రిబ్యునల్ ఆర్డీవో దగ్గరే ఉంటుంది. మామూలు సివిల్ కేసులా ఏళ్ల తరబడి కాకుండా, నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని చట్టంలోనే రాసి ఉంది. మరీ తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. ఆ ట్రిబ్యునల్ ముందు లాయరు లేకుండానే మనిషి నేరుగా మాట్లాడుకోవాలన్నది ఆ చట్టం ఉద్దేశం. ఆయన తెల్ల కాగితం మీద అర్జీ తన చేతితోనే రాసిచ్చారు. ఏయే కాగితాలు పట్టుకెళ్లాలో వెనకవైపు వరసగా రాశారు. అక్కడ కొడుకులు ఎదురుగా నిలబడితే ఏం అడుగుతారో, ఏం చెప్పాలో ఆమెతో మాట్లాడించి చూశారు. ఫీజు లేదు. ఇంకెవరైనా అయితే ఆమె చేత వకాలత్ (నా తరఫున ఈ లాయరు వాదిస్తారని పార్టీ ఇచ్చే కాగితం) మీద సంతకం పెట్టించుకునేవారు.

ఆ చట్టంలోని 23వ సెక్షన్ గురించి ఆయన పట్టుదల అంతా ఇంతా కాదు. పిల్లలకు ఇల్లో స్థలమో గిఫ్టు డీడు రాసి ఇచ్చాక వాళ్లు ముసలివాళ్లను పట్టించుకోకపోతే, ఆ డీడును రద్దు చేయించుకునే దారి ఆ సెక్షన్‌లో ఉంది. అయితే నన్ను చూసుకోవాలన్న షరతు మీదే ఇచ్చానని తేలాలి. అందుకని వయసు మళ్లినవాళ్లు ఎవరు గిఫ్టు రాయడానికి వచ్చినా, తిండి, వైద్యం, ఉండటానికి చోటు చూసుకోవాలన్న షరతుతో ఇస్తున్నాను అన్న వాక్యం డీడులో పడాల్సిందే. కొడుకులు పక్కనే ఉండి, "అది ఎందుకండీ, మేం చూడమా?" అంటే, "చూస్తారు కదా, అలాంటప్పుడు రాస్తే ఇబ్బందేముంది?" అనేవారు. ఆ వాక్యం తీసేస్తేనే రాయించుకుంటామన్నవాళ్లను వేరే చోటు చూసుకోమని పంపేసిన సందర్భాలు నాకు తెలుసు. తల్లిదండ్రుల కోసం డీడు రాయించే ఎవరైనా సరే, ఆ లైను ఉందో లేదో రిజిస్ట్రేషన్‌కు వెళ్లే ముందే చూసుకోండి. తర్వాత ఏడ్చి లాభం లేదు.

ఉచిత న్యాయ సహాయం అంటే చాలామందికి అదేదో నాసిరకం అనే అభిప్రాయం. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1987లో వచ్చింది, 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. దాని 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లు ఆదాయంతో పని లేకుండా లాయరును ఉచితంగా అడగొచ్చు. ఈ సంగతి ఆయన చెప్పేదాకా కోర్టు ఎదురుగా కూర్చునే నాకే తెలియదు. ఆ జాబితా, 15100 హెల్ప్‌లైన్ నంబరు పెద్ద అక్షరాల్లో కొట్టించి నా షాపు గోడకు అంటింపజేశారు. కాగితం రంగు వెలిసిపోయినప్పుడల్లా కొత్త ప్రింటు తీయమనేవారు. తన దగ్గరకు వచ్చినవాళ్లను కూడా, అర్హత ఉంటే, "ముందు అక్కడ అర్జీ పెట్టండి" అని న్యాయ సేవాధికార సంస్థకే పంపేవారు. ఆ సంస్థ జాబితాలో ఉన్న ప్యానెల్ లాయరుగా ఆయనకే ఆ కేసు తిరిగొచ్చిన రోజులూ ఉన్నాయి. ఆ ఫైలుకూ మిగతావాటికీ తేడా నేనెప్పుడూ చూడలేదు. దానికీ తెలుగు కాగితం ఉండేది.

లోక్ అదాలత్‌లో బెంచీ మీద మెంబరుగా కూర్చున్నప్పుడు ఆయన నెమ్మదిగా నడిపేవారని కొందరికి కోపం. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. కేసులు ఎక్కువ తేలాలని అందరికీ ఉంటుంది. అప్పీలు లేదు కాబట్టే ఆయన రెండు సార్లు చదివి వినిపించేవారు. ఒక మోటారు ప్రమాదం కేసులో బీమా కంపెనీ ఇస్తానన్న మొత్తం మరీ తక్కువని, "ఈ రోజు సంతకం పెట్టకపోతే కొంపలేమీ మునగవు, ఇంటికెళ్లి ఆలోచించుకోండి" అని ఆ చనిపోయిన మనిషి భార్యతో అన్నారట. బయటికి వచ్చి ఆమే నాకు చెప్పింది.

ఫీజు విషయం. ప్రమాదం కేసుల్లో వచ్చిన పరిహారంలో ఇంత శాతం అని మాట్లాడుకునే అలవాటు ఉంది. గెలిస్తే ఇంత, వచ్చినదాంట్లో వాటా ఇంత అని లాయరు మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ 20వ రూల్. ఈయన మొదటి రోజే ఫీజు ఎంతో కాగితం మీద రాసి ఇచ్చేవారు. విడతలుగా ఇవ్వొచ్చు. ఇచ్చిన ప్రతిసారీ రసీదు. పరిహారం చెక్కు వచ్చాక పిల్లల వాటా బ్యాంకులో డిపాజిట్ చేయమని ప్రమాదం కేసులు వినే ట్రిబ్యునల్ చెబుతుంది కదా, ఆ బాండ్ల జిరాక్సు తీసి, పిల్లలకు మేజారిటీ ఎప్పుడు వస్తుందో తారీఖు రాసి తల్లికి ఇచ్చేవారు. ఆ తారీఖు వచ్చినప్పుడు ఆ పిల్లలు నా షాపుకే వచ్చి, సార్ ఎక్కడున్నారని అడిగేవారు. కొంతమంది వచ్చేసరికి మీసాలు కూడా వచ్చేసి ఉండేవి. ఆయన గుర్తుపట్టేవారు.

మా పెదనాన్న గారి ఇంట్లో ఆస్తి పంపకాలప్పుడు జరిగిందొకటి చెప్పాలి. అన్నదమ్ములంతా కలిసి, వాళ్ల చెల్లెలు (నాకు అక్క వరస) తన వాటా వదులుకుంటున్నట్టు రిలీజు డీడు రాయించడానికి వెళ్లారు. ఆమె ఒప్పుకుందన్నారు. ప్లీడరు గారు ఆమె రాకుండా ఒక్క అక్షరం రాయనన్నారు. ఆమె వచ్చాక, "అబ్బాయిలూ, మీరు కాసేపు బయట కూర్చోండి" అని తలుపు దగ్గరికి వేశారు. లోపల ఏం చెప్పారో తర్వాత మా అక్కే చెప్పింది. మన రాష్ట్రంలో 1986లోనే ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చారు, అయితే అది 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లి కాని వాళ్లకే. 2005లో కేంద్రం చట్టం మార్చాక పెళ్లయిన వాళ్లకూ వచ్చింది. తండ్రి అప్పటికే పోయి ఉన్నా కూతురికి హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇదంతా చెప్పి, "ఇప్పుడు తెలుసు కాబట్టి అడుగుతున్నాను. వదులుకుంటే వదులుకోండి, అది మీ ఇష్టం. తెలియక వదులుకుంటే మాత్రం నేను రాయను" అన్నారట. మా అక్క పొలం వద్దంది, ఇంటి స్థలంలో వాటా అడిగింది. అన్నదమ్ములు ఈయన మీద కోపంతో కొన్నాళ్లు మాట్లాడలేదు. చివరికి స్థలం రాసిచ్చారు. ఇప్పుడు ఆ స్థలంలో ఆమె ఇల్లు కట్టుకుని ఉంటోంది. మొన్న ఆయన పోయారని తెలిసి అందరికంటే ముందు వచ్చిన వాళ్లలో మా పెద్దన్నయ్య ఉన్నాడు.

ఆదివారం పొద్దున శాఖా గ్రంథాలయంలో కూర్చునేవారు. ఎవరైనా రావచ్చు. ఒక్కో వారం ఒక్కో కాగితం. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) ఎలా చదవాలి, వీలునామాకు ఇద్దరు సాక్షులు ఎందుకు ఉండాలి, చెక్కు బౌన్స్ అయితే ఏం చేయాలి. పేర్లు చెరిపేసిన నకళ్లు నేను జిరాక్సు తీసి పంపేవాణ్ణి, అక్కడున్న అందరి చేతా చదివించేవారు. చెక్కు వారం మాత్రం ఎక్కువమంది వచ్చేవారు. బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, నోటీసు అందాక 15 రోజులు వాళ్లకు టైము, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు. ఈ మూడు గడువుల్లో ఒకటి తప్పి వచ్చినవాళ్లను చూసి ఆయన పడే బాధ నేను చూశాను. న్యాయం మన వైపు ఉండి క్యాలెండర్ చూసుకోక పోగొట్టుకోవడం ఆయనకు సహించేది కాదు.

2024 జూలై 1న కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చినప్పుడు బార్ రూమ్‌లో, అంటే కోర్టులో లాయర్లు కూర్చునే గదిలో, పెద్దవాళ్లు చాలామంది, "ఈ వయసులో మళ్లీ నంబర్లు ఏం నేర్చుకుంటాం" అన్నారు. నా దగ్గర ఆ టెన్షన్ రోజూ కనిపించేది. ఈయన పాత సెక్షన్ ఎడమ పక్క, కొత్తది కుడి పక్క పెట్టి పట్టిక తయారు చేశారు. మోసానికి ఐపీసీ 420 పోయి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 318(4), హత్యకు 302 పోయి 103. భార్యాపిల్లల మనోవర్తి సీఆర్పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125 పోయి బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144. ఎఫ్ఐఆర్ 154 పోయి 173. సాయంత్రాలు నా పక్కన కూర్చుని చెబుతుంటే టైపు చేశాను. కాపీలు తీయించి బార్ రూమ్‌లో పెట్టారు, జూనియర్లు ఎవరు అడిగినా ఇచ్చారు. తనతో ఎదురు వాదించేవాళ్లకూ ఇచ్చారు.

లోపాలు చెప్పకపోతే రివ్యూ అవదు. ఫోన్ ఎత్తేవారు కాదు. కోర్టు టైములో సరే, సాయంత్రం కూడా మూడు సార్లు చేస్తే ఒకసారి దొరికేవారు. దూరం నుంచి వచ్చే క్లయింట్లకు ఇది నిజంగా ఇబ్బంది. ఆఫీసులో ఎదురుచూపులు ఎక్కువ, ముందున్న మనిషి మాట పూర్తయ్యేదాకా తర్వాతి వాళ్లను పిలిచేవారు కాదు. విషయం దాచిపెట్టారని తెలిస్తే అందరి ముందే గట్టిగా అడిగేసేవారు. కొందరు అవమానంగా భావించి ఫైలు తీసుకెళ్లిపోయారు, వాళ్లను తప్పు పట్టలేను. అన్నిటికంటే నాకు నచ్చనిది ఇంకొకటి ఉంది. అంతమందికి ఫీజు తగ్గించి, కొందరికి అసలు వదిలేస్తే, ఆ లోటు జూనియర్ల జీతంలో పడింది. ఆయన ఇంటి ఖర్చు ఆయన ఎలాగో సర్దుకున్నారు. పల్లెటూరి నుంచి వచ్చి గది అద్దె కట్టుకునే జూనియర్ ఎలా సర్దుకుంటాడు? మంచి పిల్లలు ఇద్దరు ముగ్గురు ఈ కారణంతోనే వెళ్లిపోయారు. ఈ మాట నేను ఆయనతో అన్నాను కూడా. "నిజమే తమ్ముడూ" అన్నారు, చివరి రెండేళ్లలో కొంత మార్చారు. అందుకే ఐదు స్టార్లలో నాలుగే ఇస్తున్నాను. ఆయన బతికుండి చదివితే ఇదే సరైన లెక్క అనేవారు.

ఆయన పోయిన మర్నాడు బార్ రూమ్‌లో సంతాప సభ పెట్టారు. పెద్దవాళ్లు బాగా మాట్లాడారు. నాకు మాత్రం ఆ వారమంతా షాపుకు వచ్చిన పార్టీలే గుర్తున్నారు. ఒక్కొక్కరూ మడతలు పడిన తెలుగు కాగితం చేత్తో పట్టుకుని, "ఇప్పుడు మా కేసు ఏమవుతుంది?" అని అడిగారు. లాయరు చనిపోతే ఏమవుతుందో మామూలుగా ఎవరూ ఆలోచించరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 3, రూల్ 4 ప్రకారం లాయరు మరణంతో ఆయనకిచ్చిన వకాలత్ ముగిసిపోతుంది. కేసు ఆగదు, వాయిదా ఆగదు. మనం కొత్త లాయరుకు కొత్త వకాలత్ ఇవ్వాలి. ఎవరూ హాజరు కాకపోతే కేసు డిస్మిస్ కావచ్చు, ఎక్స్‌పార్టీ (మన మాట వినకుండానే తీర్పు) కావచ్చు.

ఇక్కడే ఆయన సేవ ఎలాంటిదో నాకు పూర్తిగా తెలిసింది. కొన్నేళ్లుగా ఆయన ప్రతి కొత్త వకాలత్‌లో తన పేరుతో పాటు జూనియర్ మేడమ్ పేరు కూడా వేయిస్తున్నారు. ఆ కేసులన్నిటిలో ఆవిడ ఆ వారమే నిలబడ్డారు. పాత ఫైళ్లకు మాత్రం కొత్త వకాలత్ కావాలి. ఆ ఫైళ్లు తీసి చూస్తే, ప్రతి దానికీ అట్ట లోపల ఒక కాగితం అంటించి ఉంది. కేసు ఏ స్టేజీలో ఉంది, తర్వాత చేయాల్సింది ఏమిటి, ఒరిజినల్ దస్తావేజులు ఏవి కోర్టులో ఉన్నాయి, ఏవి బీరువాలో ఉన్నాయి, ఏవి పార్టీకి తిరిగి ఇచ్చేశారు, తీసుకున్నట్టు సంతకం. మా ఊరి కేసులు బాగా తెలిసిన వేరే సీనియర్ ఒకరు ఒక ఫైలు తిరగేసి, "దీన్ని రేపే వాదించొచ్చు" అన్నారు. వేరే లాయర్లు పోయినప్పుడు ఒరిజినల్ దస్తావేజు ఎక్కడుందో తెలియక ఏడాది తిరిగిన కుటుంబాలను నేను చూశాను. ఇక్కడ ఒక్క కాగితం కూడా పోలేదు.

ఫీజు బాకీ ఉన్న ఫైళ్లు కూడా చాలానే ఉన్నాయి. ఆయన భార్య ఒకటే మాట చెప్పారు: "ఎవరి ఫైలు వాళ్లకు ఇచ్చేయండి, బాకీ గురించి అడగొద్దు." బాకీ ఉందని క్లయింటు కాగితాలు పట్టి ఉంచే హక్కు లాయరుకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. ఆవిడకు ఆ తీర్పు సంగతి తెలుసో లేదో నేను అడగలేదు. ఈ ముక్క మాత్రం మీరు గుర్తుంచుకోండి, ఎక్కడైనా అవసరం పడొచ్చు.

ఇప్పుడు ఆఫీసు ఎలా ఉందంటే, జూనియర్ మేడమ్‌తో పాటు ఇంకో కుర్రాడు చేరాడు. ఆవిడ ఫోన్ ఎత్తుతారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఇంకా ఆయనంత పట్టు రాలేదని బార్‌లో అంటారు, నేనైతే ఆ విషయంలో తీర్పు చెప్పలేను. టైపింగ్‌కు నా దగ్గరకే వస్తున్నారు. పోయిన వారం ఒక మనోవర్తి పిటిషన్ అయ్యాక ఆవిడ లేచి వెళ్లకుండా అలాగే కూర్చుని, "అన్నయ్యా, తెలుగు కాగితం కూడా కొట్టేద్దాం" అన్నారు.

ఆయన దగ్గర కేసు ఉన్నవాళ్లు ఇంకా రాకపోతే త్వరగా రండి. ఆధార్ కాపీ, మీ దగ్గరున్న తెలుగు కాగితం తెచ్చుకోండి. అది పోయినా పర్వాలేదు, పేరు చెబితే రిజిస్టర్‌లో దొరుకుతుంది. జూనియర్ మేడమ్‌కే వకాలత్ ఇవ్వాలని లేదు, మీకు నచ్చిన లాయరుకు ఇచ్చుకోవచ్చు, ఫైలు ఇచ్చేస్తారు. తీసుకునేటప్పుడు ఒరిజినల్స్ ఒక్కొక్కటీ సరిచూసుకుని సంతకం పెట్టండి. దగ్గర్లో వాయిదా ఉంటే ముందు ఆ తారీఖు చెప్పండి, కాగితాలు తర్వాత చూసుకోవచ్చు.